లైబ్రరీ కార్డుతో ఎవరూ చెప్పని సినిమాలు ఫ్రీగా చూడటం ఎలా (అమెరికాలో ఉన్నవాళ్ల కోసం)

అమెరికాలో ఉన్న మనవాళ్లలో చాలామందికి లైబ్రరీ కార్డు ఉంటుంది, పిల్లల బొమ్మల పుస్తకాల కోసం ఎప్పుడో తీసుకున్నది, ఇప్పుడు ఏ డ్రాయర్లోనో పాత కూపన్ల కింద పడుంటుంది. ఆ కార్డు నంబరుతో ఇంట్లో టీవీలో సినిమాలు చూడొచ్చు, నెలకి ఒక్క డాలర్ కూడా కట్టక్కర్లేదు అని చెప్తే "పైరసీనా?" అని అడిగినవాళ్లు ఉన్నారు నన్ను. కాదండీ, పక్కా లీగల్, మీ బదులు లైబ్రరీ డబ్బు కడుతోంది అంతే.

ముందే ఒక మాట, పోయిన శుక్రవారం రిలీజైన తెలుగు సినిమా కోసం ఇది చదువుతుంటే ఇక్కడితో ఆపేయొచ్చు, అది ఇందులో దొరకదు. పెద్ద ఓటీటీలు మొదటి పేజీలో ఎప్పటికీ చూపించని సినిమాలు, అంటే వేరే దేశాల సినిమాలు, పాత మూకీలు, తక్కువ డబ్బుతో తీసి మూలనపడి మళ్లీ బయటికొచ్చినవి, మంచి డాక్యుమెంటరీలు, వీటి కోసమైతే ఇంతకన్నా మంచి చోటు నాకు కనపళ్లేదు.

1. ముందు కార్డు సంగతి

మీ ఊరి లేదా కౌంటీ పబ్లిక్ లైబ్రరీ వెబ్‌సైట్‌కి వెళ్లండి. మామూలుగా ఫొటో ఐడీ, మీ అడ్రస్ ఉన్న కాగితం ఏదో ఒకటి (లీజు, కరెంటు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్) అడుగుతారు. వీసా స్టేటస్‌కీ దీనికీ సంబంధం లేదు, మీరు అక్కడ ఉంటున్నారా లేదా అన్నదే వాళ్లకి కావాల్సింది. చాలా చోట్ల ఆన్‌లైన్లోనే అప్లై చేస్తే అప్పటికప్పుడు ఒక టెంపరరీ నంబర్ ఇస్తారు, కానీ ఇక్కడే ఒక తిరకాసు, కొన్ని లైబ్రరీల్లో ఆ ఆన్‌లైన్ కార్డుతో పుస్తకాలు వస్తాయి గానీ సినిమాల యాప్ ఒప్పుకోదు, ఒకసారి బ్రాంచ్‌కి వెళ్లి కాగితాలు చూపించి పూర్తి కార్డు చేయించుకోవాలి. నేను ఇది తెలీక రెండు వారాలు పాస్‌వర్డ్ మార్చుకుంటూ కూర్చున్నాను, చివరికి కౌంటర్లో ఉన్నావిడ అర నిమిషంలో తేల్చేసింది.

ఇంకోటి, ఒక్క కార్డుతో ఆగిపోవాల్సిన పన్లేదు. మీరు ఉండేది ఒక ఊరు, ఉద్యోగం ఇంకో ఊరు అయితే రెండు చోట్లా కార్డు ఇచ్చే లైబ్రరీలు ఉన్నాయి. కొన్ని రాష్ట్రాల్లో పెద్ద సిటీ లైబ్రరీలు ఆ రాష్ట్రంలో ఎక్కడున్నా కార్డు ఇస్తాయి, మీ రాష్ట్రంలో అలా ఉందేమో వాళ్ల కార్డుల పేజీలో చూడండి. ఎమ్మెస్‌కి వచ్చినవాళ్లయితే ముందు యూనివర్సిటీ లైబ్రరీ చూసుకోండి, ఫీజుల్లో ఆల్రెడీ కట్టేసిందే అది, వాడకపోతే మీకే నష్టం.

కార్డుతో పాటు పిన్ ఒకటి ఉంటుంది. మీరు పెట్టుకోకపోతే చాలాసార్లు ఫోన్ నంబర్లో చివరి 4 అంకెలే పిన్, అది కూడా పనిచేయకపోతే లైబ్రరీకి ఫోన్ కొట్టండి, పిన్ గొడవలు వాళ్లకి రోజూ ఉండేవే.

2. మీ లైబ్రరీ ఏ యాప్‌కి డబ్బు కడుతోందో చూడండి

సినిమాల విషయంలో పెద్ద పేర్లు రెండు: కానోపీ, హూప్లా. మీ లైబ్రరీ సైట్‌లో "డిజిటల్" అనో "స్ట్రీమింగ్" అనో ఉన్న చోట ఇవి కనపడతాయి, ఒకటే ఉండొచ్చు, రెండూ ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. ఫోన్లో వెతికేటప్పుడు కానోపీ స్పెల్లింగ్ కె అక్షరంతో మొదలవుతుందని గుర్తుపెట్టుకోండి, సి తో కొడితే గొడుగులూ పందిళ్లూ వస్తాయి.

రెండిటి స్వభావం వేరు, ఎందుకంటే రెండూ పుట్టిన చోటు వేరు. కానోపీని 2008లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఒలీవియా హంఫ్రీ అనే ఆవిడ మొదలుపెట్టింది, అప్పట్లో యూనివర్సిటీలకి డీవీడీలు సప్లై చేసే వ్యాపారం. ఆ వాసన ఇప్పటికీ పోలేదు, క్లాసులో ప్రొఫెసర్ చూపించే టైపు సినిమాలు, డాక్యుమెంటరీలు, వరల్డ్ సినిమా అన్నీ ఇందులో గట్టిగా ఉంటాయి. 2021లో ఓవర్‌డ్రైవ్ దీన్ని కొనేసింది, అంటే ఈబుక్స్ చదవడానికి మీరు వాడే లిబ్బీ ఎవరిదో ఇదీ వాళ్లదే. హూప్లా ఏమో లైబ్రరీలకి సీడీలు, డీవీడీలు అమ్మే మిడ్‌వెస్ట్ టేప్ అనే ఒహాయో కంపెనీది, 2013లో వచ్చింది. అందుకే అది కిరాణా కొట్టులా ఉంటుంది, సినిమాలు, పాటలు, కామిక్స్, ఆడియోబుక్స్ అన్నీ ఒకే చోట. నిజం చెప్పాలంటే హూప్లాలో చెత్త సినిమాలు కూడా కుప్పలు, పోస్టర్ చూసి నొక్కారో మీ ఖర్మ. కానీ ఆ కుప్పలోనే కానోపీలో లేనివి కొన్ని దొరుకుతాయి, కాబట్టి రెండూ ఉంటే రెండూ పెట్టుకోండి.

3. అకౌంట్

యాప్‌లోకి నేరుగా దూకకుండా మొదటిసారి లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఉన్న లింకు నుంచే వెళ్లండి, అప్పుడు మీ లైబ్రరీ దానంతటదే సెలెక్ట్ అయిపోతుంది, లేకపోతే ఒకే పేరుతో నాలుగు రాష్ట్రాల్లో ఉన్న లైబ్రరీల్లో మనది ఏదో వెతుక్కోవాలి. ఈమెయిల్, పాస్‌వర్డ్ పెట్టి, కార్డు నంబరు, పిన్ ఇస్తే అయిపోయింది. క్రెడిట్ కార్డు ఎక్కడా అడగదు, అడిగిందంటే మీరు వేరే ఏదో సైట్‌లో ఉన్నారని అర్థం, వెంటనే బయటికి వచ్చేయండి. కానోపీలో ఒకే అకౌంట్ కింద రెండు మూడు లైబ్రరీలు కలుపుకోవచ్చు, ఒక దాంట్లో ఆ నెల కోటా అయిపోతే రెండో దానికి మారొచ్చు, పైన రెండు కార్డుల గురించి అంత చెప్పింది ఇందుకే.

4. ప్లే నొక్కే ముందు లెక్క అర్థం చేసుకోండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెప్తా.

మామూలు ఓటీటీలా నచ్చకపోతే 10 నిమిషాలకి మార్చేయడం ఇక్కడ కుదరదు. కానోపీలో నెలకి ఇన్ని టికెట్లు అని లైబ్రరీ ఇస్తుంది, ఎన్ని అనేది ఆ లైబ్రరీ ఇష్టం. ప్రతి సినిమా పక్కన ఎన్ని టికెట్లు పోతాయో, ఎంత టైమ్ లోపల చూసేయాలో రాసి ఉంటుంది. ప్లే నొక్కగానే టికెట్లు పోతాయి, ఆ టైమ్ లోపల ఎన్నిసార్లు చూసినా మళ్లీ పోవు. నెల మొదటి తారీకుకి కొత్త కోటా వస్తుంది, పాతవి మిగిలినా తర్వాతి నెలకి కలవవు, సో 28, 29 తారీకుల్లో టికెట్లు మిగిలుంటే పిసినారితనం చెయ్యకండి.

హూప్లాలో టికెట్లు కాదు, నెలకి ఇన్ని బారోలు, అంటే ఇన్నిసార్లు అరువు తెచ్చుకోవచ్చు అని. సినిమా బారో చేస్తే 3 రోజులు మీ దగ్గర ఉంటుంది, ముందే రిటర్న్ చేసినా ఆ బారో వెనక్కి రాదు. కొన్ని లైబ్రరీల్లో ఇంకో మెలిక, రోజుకి ఇంత అని మొత్తం లైబ్రరీకే బడ్జెట్ ఉంటుంది, సాయంత్రానికి ఊళ్లో అందరూ కలిసి దాన్ని ఖాళీ చేసేస్తే మీ కోటా మిగిలున్నా "ఇవాళ్టికి అయిపోయింది, రేపు రండి" అంటుంది. దానికి మందు ఏంటంటే పొద్దున్నే కాఫీ తాగుతూ బారో చేసేసి రాత్రి తీరిగ్గా చూడటం, 3 రోజులు ఉంది కదా ఎలాగూ. ఇది కాకుండా బింజ్‌పాస్ అని ఒకటుంది, ఒక్క బారోతో ఒక కలెక్షన్ మొత్తం 7 రోజులు తెరుచుకుంటుంది, డాక్యుమెంటరీల పిచ్చి ఉన్నవాళ్లకి మంచి బేరం.

ఇన్ని రూల్స్ ఎందుకురా బాబూ అనిపిస్తుంది. ఎందుకంటే మనం చూసే కొద్దీ లైబ్రరీకి బిల్లు పెరుగుతుంది. పుస్తకం ఒకసారి కొంటే వందమంది చదువుతారు, ఇక్కడ అలా కాదు, చూసిన ప్రతిసారీ డబ్బు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ, దాంతో పాటు బ్రూక్లిన్, క్వీన్స్ లైబ్రరీలు 2019 జులై 1 నుంచి కానోపీని ఆపేశాయి, కారణం ఖర్చే. అప్పట్లో పేపర్లలో వచ్చిన లెక్క ఒక్కో ప్లేకి సుమారు 2 డాలర్లు. అంత పెద్ద సిటీ లైబ్రరీలే చేతులెత్తేశాయంటే చిన్న కౌంటీ సంగతి ఆలోచించండి. అందుకే వెనకాల మోగుతుండనీలే అని సినిమా పెట్టి వంట చేసుకునే అలవాటు ఇక్కడ వద్దు, దానికి యూట్యూబ్ ఉంది.

5. అసలు పని: యాప్ తెరవకముందే లిస్టు రాసుకోవడం

మిగతా స్టెప్పులన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు. యాప్ తెరిచి స్క్రోల్ చేసి సినిమా ఎంచుకుందాం అనుకుంటే అరగంట పోస్టర్లు చూసి ఆవలించి పడుకుంటారు, ఎందుకంటే ఆ పేర్లు మీకు తెలీవు, హీరోలు తెలీదు, పోస్టర్లు కూడా అన్నీ ఒకేలా ఉంటాయి, గడ్డి మైదానంలో ఒక మనిషి దూరంగా నిలబడి ఉంటాడు. లిస్టు ముందు, యాప్ తర్వాత. లిస్టు ఎలా కట్టాలంటే:

ఒకటి, డిస్ట్రిబ్యూటర్ పేరు పట్టుకోండి. మనం హీరో పేరు చూసి వెళ్తాం, ఇలాంటి సినిమాలకి పంపిణీదారు పేరు చూసి వెళ్లాలి. కినో లోర్బర్, మైల్‌స్టోన్, మ్యూజిక్ బాక్స్ ఫిల్మ్స్, ఆసిలోస్కోప్, ఫిల్మ్ మూవ్‌మెంట్, ఇవి గుర్తుపెట్టుకోండి చాలు. వాళ్ల వెబ్‌సైట్‌కి వెళ్లి కేటలాగ్ తిరగేసి, కథ రెండు లైన్లు చదివి నచ్చినవి రాసుకుని, అప్పుడు యాప్‌లో ఆ పేరు కొట్టండి. ఒక డిస్ట్రిబ్యూటర్ నుంచి రెండు నచ్చాయంటే మూడోది కూడా నచ్చే ఛాన్స్ ఎక్కువ.

రెండు, నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీ. అమెరికా ప్రభుత్వ లైబ్రరీ, అదే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, 1989 నుంచి ఏటా 25 సినిమాలు భద్రపరచాల్సినవి అని ఎంచుతుంది, కనీసం 10 ఏళ్లు పాతవై ఉండాలి. ఆ లిస్టులో అందరికీ తెలిసిన పెద్దవి దాటేసి తెలీని పేర్ల దగ్గర ఆగండి, నాకు చార్లెస్ బర్నెట్ తీసిన 'కిల్లర్ ఆఫ్ షీప్' దొరికింది అలాగే. లాస్ ఏంజెలెస్‌లో గొర్రెల్ని కోసే చోట పనిచేసే ఒక మనిషి ఇల్లు, వీధి, పిల్లలు, అంతే కథ, అసలు కథే లేదు అన్నా తప్పులేదు. బర్నెట్ దాన్ని యూసీఎల్‌ఏలో చదువుకుంటూ తన థీసిస్ కోసం వీకెండ్లలో 10,000 డాలర్ల లోపు ఖర్చుతో తీశాడు, 1990లో రిజిస్ట్రీలోకి కూడా వెళ్లింది. కానీ అందులో వాడిన పాటల హక్కులకి డబ్బు కట్టలేక థియేటర్లలోకి సరిగ్గా వచ్చింది 2007లో, ఆ హక్కులకే 1,50,000 డాలర్లు అయ్యాయట. సినిమా ఖర్చుకి 15 రెట్లు పాటలకి! మన ప్రొడ్యూసర్లు వింటే గుండె పట్టుకుంటారు.

మూడు, పోయి దొరికిన సినిమాలు. నాకు బాగా ఇష్టమైన రకం ఇది. ఆస్కార్ మిషో 1920లో తీసిన 'వితిన్ అవర్ గేట్స్', ఒక నల్లజాతి డైరెక్టర్ తీసిన సినిమాల్లో ఇప్పటికీ మిగిలున్న పూర్తి నిడివి సినిమాల్లో అన్నిటికన్నా పాతది. అది దశాబ్దాల పాటు పోయిందనే అనుకున్నారు, 1970ల్లో స్పెయిన్ ఆర్కైవ్‌లో 'లా నెగ్రా' అనే పేరుతో ఒక ప్రింటు బయటపడింది, మధ్యలో వచ్చే డైలాగ్ కార్డులన్నీ స్పానిష్‌లో ఉంటే వాటిని తిరిగి ఇంగ్లీషులోకి మార్చుకుని 1993లో బాగుచేశారు. ఇలాంటిదే కాథ్లీన్ కాలిన్స్ 1982లో తీసిన 'లూజింగ్ గ్రౌండ్', ఫిలాసఫీ చెప్పే ఒక ప్రొఫెసరమ్మ, పెయింటర్ అయిన మొగుడు, ఒక వేసవి. తీసినావిడ 1988లో 46 ఏళ్లకే పోయింది, కూతురు నెగటివ్‌లు కాపాడి పట్టుబట్టబట్టి 2015లో జనం చూశారు. చూస్తుంటే ఇన్నాళ్లు ఇది ఎందుకు దాచేశారు అనిపిస్తుంది, ఆ రంగులు, ఆ మాటలు.

నాలుగు, దేశం పేరు పెట్టి వెతకండి. కొలంబియా, జోర్డాన్, మారిటేనియా, ఉత్తర మాసిడోనియా, ఏదో ఒకటి. కొలంబియా నుంచి సిరో గెర్రా 2015 సినిమా 'ఎంబ్రేస్ ఆఫ్ ది సర్పెంట్' అమెజాన్ అడవిని బ్లాక్ అండ్ వైట్‌లో చూపిస్తుంది, అడవిని రంగుల్లేకుండా ఎలా చూస్తాం అనుకున్నా, 10 నిమిషాల తర్వాత రంగు సంగతే గుర్తులేదు. మన దేశం పేరు కూడా కొట్టండి, బాలీవుడ్ కానివి వస్తాయి. చైతన్య తమ్హానే 2014లో తీసిన 'కోర్ట్' ఎక్కడ కనపడినా వదలకండి, ఒక జానపద గాయకుడి పాట విని మ్యాన్‌హోల్ కార్మికుడు ఆత్మహత్య చేసుకున్నాడని కేసు, ఆ కేసు వాయిదాల మీద వాయిదాలు. లాయర్లు కోర్టు అయ్యాక సరుకులు కొనుక్కోవడం, ఇంటికెళ్లడం కూడా చూపిస్తాడు, అసలు సినిమా అక్కడుంది.

ఐదు, నిడివి చూసి భయపడి వదిలేసినవి. అమెరికన్ డైరెక్టర్ ఫ్రెడరిక్ వైజ్‌మన్ తీసిన డాక్యుమెంటరీలు 2018లో కానోపీలోకి వచ్చినప్పుడు సినిమా పిచ్చోళ్లకి పండగే, అంతకుముందు అవి చూడాలంటే నానా తిప్పలు. ఆయన 2017 సినిమా 'ఎక్స్ లిబ్రిస్' న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ మీదే, 3 గంటల 17 నిమిషాలు, వాయిస్ ఓవర్ లేదు, ఇంటర్వ్యూలు లేవు, ఊరికే మీటింగులు, క్లాసులు, ఫోన్లో జనం అడిగే ప్రశ్నలు. పైన చెప్పినట్టు అదే లైబ్రరీ రెండేళ్లకి కానోపీని ఆపేసుకుంది, బడ్జెట్ గురించి వాళ్లు కూర్చుని తలలు పట్టుకునే సీన్లు ఈ సినిమాలో ఉన్నాయి, అది తెలిసి చూస్తే ఇంకోలా ఉంటుంది. మూడు గంటలు ఒకేసారి కూర్చోవాలని ఎవరూ అన్లేదు, టికెట్ టైమ్ ఉంది కదా, రెండు రాత్రులు చూడండి.

ఈ లిస్టు ఎక్కడ దొరుకుతుందో ఒక్కోటి రెండు యాప్‌లలో కొట్టి చూసే బదులు జస్ట్‌వాచ్ అనే సైట్‌లో దేశం అమెరికా పెట్టి, సర్వీసుల్లో కానోపీ, హూప్లా టిక్ చేసుకుంటే సినిమా పేరు కొట్టగానే చెప్పేస్తుంది. అయినా చివరి మాట మీ లైబ్రరీ లాగిన్‌దే, ఒకే సినిమా పక్క కౌంటీలో ఉండి మీకు లేకపోవచ్చు, ఈ నెల ఉండి వచ్చే నెల పోవచ్చు, నేను పైన చెప్పినవి కూడా అంతే. దొరికినవి వెంటనే యాప్‌లో వాచ్‌లిస్టులో పెట్టండి, దానికి టికెట్లు పోవు, ఇక మంచి రాత్రి చూసి ప్లే నొక్కడమే.

6. టీవీ, సబ్‌టైటిల్స్, ప్రయాణాలు

రోకు, ఫైర్ టీవీ, ఆపిల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీ అన్నిటికీ రెండు యాప్‌లూ ఉన్నాయి. రిమోట్‌తో పాస్‌వర్డ్ కొట్టే నరకం లేకుండా టీవీలో ఒక కోడ్ వస్తే ఫోన్లో ఎక్కించేస్తే చాలు.

విమానం ఎక్కేముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, హూప్లా మొబైల్ యాప్‌లో డౌన్‌లోడ్ ఉంది, కానోపీలో లేదు. ఇండియా ట్రిప్‌కి బయల్దేరే రోజు పొద్దున బారో చేసి డౌన్‌లోడ్ పెట్టుకుంటే ఇరవై గంటల ప్రయాణంలో రెండు సినిమాలు అయిపోతాయి. అక్కడ దిగాక స్ట్రీమింగ్ చేసుకుందాం అనుకోవద్దు, దేశం దాటితే హక్కులు వేరు.

సబ్‌టైటిల్స్ గురించి, తెలుగులో ఉంటాయని ఆశపడకండి, ఇంగ్లీషే. మా నాన్న ఆరు నెలలకి వచ్చినప్పుడు ఇది పెద్ద ప్రశ్న అయింది, ఆయన ఇంగ్లీషు చదువుతారు గానీ అంత స్పీడుగా కాదు, సగం లైన్లోనే మాయమవుతుంది. చివరికి తేలిందేంటంటే మాటలు తక్కువ ఉన్నవి పెట్టాలి. 'కెడి' అని 2016లో వచ్చిన టర్కీ డాక్యుమెంటరీ, ఇస్తాంబుల్ వీధి పిల్లుల మీద, 80 నిమిషాలు కూడా ఉండదు. నాన్న ఒక్క లైనూ చదవకుండా మొత్తం చూసి, ఆ చేపల కొట్టు పిల్లి అచ్చం మన వెనకింటి పిల్లి లాగే దొంగముఖంది అన్నారు. తర్వాత మూకీలు మొదలుపెట్టాం, డైలాగ్ కార్డు వచ్చినప్పుడు పాజ్ నొక్కి నేను తెలుగులో చెప్పేవాణ్ణి, ఆయనకి కథ ఎక్కేసింది, కార్డు రాకముందే ఏం జరుగుతుందో చెప్పేసేవారు. పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఇది ట్రై చేయండి నిజంగా.

7. దొరక్కపోతే

యాప్‌లో లేదంటే లైబ్రరీలో లేదని కాదు. అదే వెబ్‌సైట్ కేటలాగ్‌లో డీవీడీ వెతకండి, వేరే బ్రాంచ్‌లో ఉంటే మీ బ్రాంచ్‌కి తెప్పిస్తారు. అసలు ఆ లైబ్రరీలోనే లేకపోతే ఇంటర్ లైబ్రరీ లోన్ అని వేరే ఊరి నుంచి తెప్పించే పద్ధతి ఉంది, వారాలు పట్టొచ్చు. ఇది కొనండి అని సజెస్ట్ చేసే ఫారం కూడా చాలా లైబ్రరీల సైట్లలో ఉంటుంది, నేను అడిగిన ఆరింటిలో రెండు కొన్నారు, ఫోన్ చేసి మరీ చెప్పారు.

కార్డే లేదు, లేదా మీ లైబ్రరీలో ఏ యాప్ లేదు అంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల నేషనల్ స్క్రీనింగ్ రూమ్ చూడండి, 2018లో పెట్టారు, లాగిన్ లేదు, లిమిట్ లేదు, పాత సినిమాలు, న్యూస్‌రీళ్లు, ఎవరి ఇంట్లోనో తీసుకున్న చిన్న రీళ్లు, చాలావరకు డౌన్‌లోడ్ కూడా చేసుకోవచ్చు.

ఉన్నట్టుండి ఒకరోజు యాప్ లాగిన్ ఒప్పుకోకపోతే కంగారుపడి అకౌంట్ డిలీట్ చేయకండి, ముందు కార్డు ఎక్స్‌పైరీ చూడండి. లైబ్రరీ కార్డుకి గడువు ఉంటుందన్న సంగతే మనకి గుర్తుండదు, అడ్రస్ అదేనా అని కనుక్కోడానికి పెడతారు దాన్ని. కార్డు చేతిలో పెట్టుకుని ఒక ఫోన్ కొట్టండి, చాలాసార్లు అక్కడికక్కడే రెన్యూ చేసేస్తారు.